సాంచా తాత జోడీ

సోమలింగం రహస్యం చెప్పడం మొదలుపెడితే మా సొసైటీలో అందరికీ వినోదమే. ముప్పై ఏళ్లకు పైగా సూరత్ ఖటోదరాలోని కార్ఖానాలో సాంచాల మధ్య నిలబడిన మనిషి ఆయన. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆ మోతలో పక్కవాడికి మాట వినపడాలంటే అరవాల్సిందే. అరిచి అరిచి ఆయన గొంతు అక్కడే నిలిచిపోయింది, చెవులు మాత్రం కొద్దికొద్దిగా సెలవు తీసుకున్నాయి. ఇంట్లో కూర్చుని భార్య పోశమ్మ చెవిలో గుసగుసలాడితే, గోడకు ఇవతల పప్పుకు పోపు పెట్టుకుంటున్న నాకు వినిపిస్తుంది. నేనేమీ చెవులు రిక్కించి వినను, ఆయనే వినిపిస్తాడు. ఈ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. పోశమ్మ చాలాసార్లు చెప్పింది కానీ, చెప్పిన ప్రతిసారీ ఆయనకు సరిగ్గా వినపడలేదు.

మనిషి చెడ్డవాడు కాదు. సిరిసిల్ల వైపు నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చాడు. పర్వత్ పాటియా దగ్గరి మా సొసైటీలో అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్నది ఆయనే. దసరాకు కార్ఖానాలో సాంచాల చుట్టూ బూడిద గుమ్మడికాయ తిప్పి దిష్టి తీసేదీ ఆయనే. గుజరాతీ సేఠ్ పక్కన నిలబడి దండం పెడతాడు, కాయ మాత్రం సోమలింగం చేతికే ఇస్తాడు. కొత్త బండికి ఎలాంటి కాయ కొట్టాలి, ఏ పూట కొట్టాలి అని మాలో ఎవరికి అనుమానం వచ్చినా ఆయన మాటే చివరి మాట. తిప్పిన కాయను ఇంకొకరు ముట్టకూడదు, ముట్టినవాళ్లకు దిష్టంతా అంటుకుంటుంది, దాన్ని నాలుగు దారులు కలిసే చోట పగలగొట్టి వెనక్కి చూడకుండా రావాలి. ఇదంతా మా పిల్లలకు నూరిపోసింది ఆయనే. పిల్లలు కూడా ఆయన చెప్పింది దేవుడు చెప్పినట్టే నమ్మేవారు.

అంతటి పెద్దమనిషికి ఒక్క విషయంలోనే మనసు చిన్నది. ఆ విషయం పేరు మౌక్తిక.

మౌక్తిక ఆయన మనవరాలు. కొడుకు శివకృష్ణ బట్టల మార్కెట్‌లో పొద్దున పోతే రాత్రికి వస్తాడు. కోడలు సింధూజ ఒక ఆస్పత్రిలో చీటీలు రాసే కౌంటర్‌లో కూర్చుంటుంది. కాబట్టి పిల్ల పెరిగిందంతా తాత ఒడిలోనే. రాత్రి పాళీ దిగి వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా పిల్లకు జడ వేసి బడికి తీసుకుపోయేవాడు. ఆ జడ చూసి బడిలో టీచర్లు నవ్వుకునేవారు, అయినా పిల్ల ఇంకొకరితో వేయించుకునేది కాదు. ఆ పిల్ల ఆయన్ని ఒట్టి ‘తాత’ అనే పిలిచేది. మరో తాత ఉన్నాడని తెలిసినా, ఆ తాత ఫోన్‌లో కనిపించే తాత, వేసవి సెలవుల్లో రెండు రోజులు కనిపించే తాత.

కిందటి ఎండాకాలంలో ఆ తాత బస్సు దిగాడు. పేరు రాఘవయ్య, సింధూజ తండ్రి. జగిత్యాలలో నడిపిన హోటల్ మూతపడితే, భార్యతో సహా సూరత్ వచ్చి సలాబత్‌పురాలో బట్టల దుకాణాల సందు మొదట్లో ఇడ్లీ, దోసె బండి పెట్టాడు. మా వెనక గల్లీలోనే అద్దెకు దిగాడు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, ఎవరు ఏమన్నా ముందు నవ్వుతాడు. బండి కట్టేసి వచ్చేటప్పుడు మనవరాలికి వేడివేడి పునుగులు పొట్లం కట్టి తెచ్చేవాడు.

తాతలు ఇద్దరయ్యాక పిల్ల పేర్లు పెట్టుకోక తప్పలేదు. ఒకరు టిఫిన్ తాత, ఒకరు సాంచా తాత. మాకందరికీ ముద్దుగా అనిపించింది. సోమలింగానికి మాత్రం కళ్లలో నిప్పులు పోసినట్టయింది. ఇన్నేళ్లు తాత అంటే తనే. ఇప్పుడు తనను గుర్తుపట్టడానికి ముందు ఒక ముక్క తగిలించాలా?

“ఏందయ్యా గట్ల ముఖం మాడ్చుకున్నవ్?” అని పోశమ్మ అడగడం గోడకు ఇవతల నేను విన్నాను. “ఆయన గూడ తాతనే గదా.”

“తాతనే. నేను కాదన్ననా?” అన్నాడు సోమలింగం, తన లెక్కలో మెల్లగా. “పోరి పుట్టినప్పటి సంది యాడ వోయిండు గా తాత? పునుగులు చేతిల వెట్టి నా పోరిని గుంజుకుంటున్నడు.”

వానాకాలంలో మౌక్తికకు విషజ్వరం వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఇద్దరు తాతలూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పిల్ల బతకాలని ఇద్దరూ ఒకే దేవుడికి మొక్కుకున్నారు. అక్కడ కూడా సోమలింగం గమనించింది ఒకటే: కళ్లు తెరిచిన పిల్ల ముందు ఎవరిని అడిగింది? అడిగింది తనను కాదు, వియ్యంకుడినీ కాదు, నీళ్లు అడిగింది. ఆ నీళ్ల గ్లాసు రాఘవయ్య అందించాడని సోమలింగం నెలరోజులు పోశమ్మను సాధించాడు.

ఇక గుమ్మడికాయల సంగతి. దసరాకు మా తెలుగువాళ్లందరం కలిసి ఒక టెంపో నిండా గుమ్మడికాయలు తెప్పిస్తాం. దిష్టికి బూడిదవి, వంటకు తియ్యవి. కార్ఖానాల్లో మిగిలినవి కూడా ఎవరో ఒకరు మోసుకొస్తారు. పండగ అయ్యాక ఎన్ని వండినా, ఎన్ని పంచినా మెట్ల మీద, మంచాల కింద కాయలు మిగిలే ఉంటాయి. అందుకని దసరా తర్వాత వచ్చే ఆదివారం సొసైటీ వెనక ఖాళీ ప్లాటులో వాటితో ఆటలు పెట్టుకుంటాం. తియ్య గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నడవడం ఆడవాళ్లకు, గింజలు దూరంగా ఉమ్మడం పిల్లలకు. చివరికి పగిలిన కాయలన్నీ ఒక పెద్ద గిన్నెలో పులుసుగా ఉడుకుతాయి. నిండు కాయకు ఆడవాళ్లు కత్తి పెట్టకూడదంటారు మాలో. మగవాడొకడు వచ్చి ఒక్క పోటు పొడిచి గొప్పగా పక్కకు పోతాడు, తర్వాత తొక్క తీసి, ముక్కలు కోసి, వండి వడ్డించే చాకిరీకి మాత్రం ఏ అడ్డూ లేదు.

అన్నిటికంటే పెద్ద ఆట జోడీ దొర్లింపు. ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల. ప్లాటు ఈ గోడ నుంచి, ఇంకా పీకని గర్బా పందిరి గుంజ దాకా బూడిద గుమ్మడికాయను దొర్లించుకుంటూ పోయి, తిప్పుకుని రావాలి. ఎత్తకూడదు. బూడిద గుమ్మడి గుండ్రంగానే కనిపిస్తుంది, దొర్లిస్తేనే దాని బుద్ధి తెలుస్తుంది. పెద్దవాళ్లు వెనక నుంచి తోస్తుంటే పక్కన పరిగెత్తే పిల్ల అరచేత్తో చరిచి దాన్ని దారిలో పెట్టాలి. ఇద్దరికీ కుదరకపోతే కాయ పోయి మురికి కాలువలో పడుతుంది. గెలిచిన జోడీ సొసైటీ అందరికీ పులుసు వడ్డిస్తుంది. మౌక్తికకు నడక సరిగ్గా వచ్చినప్పటి నుంచీ గెలుస్తున్నది ఆమే, తాతతో. గరిటె పట్టుకుని నిలబడ్డప్పుడు సోమలింగం ముఖం చూడాలి, సేఠ్ కూడా అంత ధీమాగా ఉండడు.

ఈసారి ఆయన తయారీ ఇంకా గట్టిది. కార్ఖానాలో మిగిలిన కాయలన్నిటినీ తట్టి, తిప్పి చూసి, ఒకదాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఎటు చూసినా ఒకే తీరు ఉన్న కాయ. మంచం కింద గోనెసంచి పరిచి దాచాడు.

శనివారం పొద్దున మౌక్తిక వచ్చి మంచం మీద కూర్చుని చెప్పింది. “తాతా, ఇస్ బార్ నేను టిఫిన్ తాతతోని ఆడ్తా.”

“ఎందుకు బిడ్డా?”

“ఆయన ఒక్కసారి గూడ ఆడలే గదా. పాపం.”

పిల్ల న్యాయం అంతే. ఆడనివాడికి ఒక వంతు ఇవ్వాలనుకుంది. సోమలింగానికి ఆ ‘పాపం’ వినపడలేదు, లేదా అదే బాగా వినపడింది. “సరే బిడ్డా, నాకు గూడ మోకాలు గుంజుతున్నది” అన్నాడు. అంతకుముందు రోజే ఆయన రెండంతస్తులకు నీళ్ల బిందె మోయడం నేను చూశాను.

ఆదివారం మధ్యాహ్నం ఎండ కాస్త చల్లబడగానే ప్లాటు నిండింది. చివరింటి నరహరి ఈల పట్టుకుని ఆటలు నడిపిస్తున్నాడు. పక్క వరుసలో ఉండే దినేశ్‌భాయ్ కుటుంబం కూడా వచ్చింది. సోమలింగం నడుమ కుర్చీ వేసుకుని, మోకాలికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. గుడ్డ ఒకసారి కుడి మోకాలికి ఉంది, నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఎడమ మోకాలికి ఉంది.

రాఘవయ్య, మౌక్తిక గోడ దగ్గర ముందుగా ఒకసారి దొర్లించి చూసుకుంటున్నారు. ఆయనకు ఆట రాదు. కాయ ఒకవైపు, ఆయన ఒకవైపు పోతున్నారు. పిల్ల నవ్వి నవ్వి కింద కూర్చుంది. నవరాత్రికి కుట్టించిన చనియా చోళీ నిండా మట్టి. “గట్ల కాదు తాతా, మెల్లగ, చేతులు గిట్ల పెట్టు” అని నేర్పిస్తోంది. ఆ మాటలు సోమలింగంవి. చేతులు ఎలా పెట్టాలో ఆ పిల్లకు నేర్పింది ఆయన. తన విద్యను తన మనవరాలు తీసుకుపోయి ఇంకొకరి చేతుల్లో పోస్తోంది.

కుర్చీలో మనిషి కుదురుగా లేడు. రాఘవయ్య పడితే బాగుండునని చూస్తున్నాడు. రాఘవయ్య పడ్డాడు. పిల్ల ఇంకా ఎక్కువ నవ్వి ఆయన మెడ పట్టుకుంది. సోమలింగం ముఖం తిప్పుకున్నాడు.

ఇంతలో వాళ్ల కాయ రాయికి తగిలి చిట్లింది. ఇంకో కాయ కావాలి. మౌక్తిక ఇంట్లోకి ఉరికింది. తిరిగి వస్తున్నప్పుడు రెండు చేతులతో పొట్టకు అదిమిపట్టుకుని ఒక కాయ మోసుకొస్తోంది. మంచం కింది కాయ. బూడిద అంటుకుని చోళీ తెల్లబడింది. దూరం నుంచే చెబుతోంది. “టిఫిన్ తాతా, ఇది ఫస్ట్ క్లాస్ కాయ. సాంచా తాత ఏరి పెట్టిండు.”

తన కాయ. తన పిల్ల చేతులతో. వియ్యంకుడికి.

ఇక ఆగలేదు సోమలింగం. కుర్చీలోంచి లేచాడు, మోకాలి సంగతి మరిచిపోయి గబగబా నడిచి రాఘవయ్య పక్కకు పోయాడు. ఆయన అనుకున్నది తర్వాత పోశమ్మతో చెప్పుకుంటుంటే నాకు తెలిసింది. వియ్యంకుడి ఒక్కడి చెవిలోనే ఒక ముక్క వేస్తాడు. మెత్తటి మనిషి కదా, భయపడి, కడుపు బాగాలేదనో ఏదో చెప్పి ఆట నుంచి తప్పుకుంటాడు. పిల్లకు జోడీ ఉండదు. అప్పుడు మోకాలు నయమైన తాత ముందుకు వస్తాడు. ఎవరికీ నష్టం లేదు.

చెయ్యి అడ్డం పెట్టుకుని, రాఘవయ్య చెవి మీదికి వంగి గుసగుసగా చెప్పాడు. “బావా, గా కాయ ముట్టకు. అది సాంచాల సుట్టు తిప్పిన కాయ. పలగొట్టుడు యాది మరిషి ఇంటికి తెచ్చిన. దిష్టంత దాంట్లనే ఉన్నది.”

ఆ గుసగుస గర్బా గుంజ దాకా పోయింది.

ప్లాటంతా ఆగిపోయింది. నెత్తిన గుమ్మడికాయలతో నిలబడ్డ ఆడవాళ్లు వాటిని దించేసి తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. దినేశ్‌భాయ్ భార్య “శుం థయుం?” అని నన్ను అడిగింది. ఏం జరిగిందో నేను ఎక్కడి నుంచని చెప్పను? సింధూజ పరిగెత్తుకొచ్చి, కూతురికి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. ముట్టుకోవాలో వద్దో తెలియక చేతులు గాలిలోనే ఉన్నాయి. చదువుకున్న పిల్లే, అయినా వానాకాలం జ్వరం ఇంకా ఆమె కళ్లలోంచి పోలేదు.

మౌక్తిక కాయను వదల్లేదు. వదిలితే ఏమవుతుందో తెలియక ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ నియమాలన్నీ ఆమెకు నోటికి వచ్చు. నేర్పిన తాత ఎదురుగానే ఉన్నాడు. “అమ్మా, నాకు మళ్ల బుఖార్ వస్తదా?” అంది. ఆ తర్వాత ఏడుపు.

ఆ క్షణంలోనైనా సోమలింగం నోరు తెరవచ్చు. అబద్ధమని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. కొడుకు, కోడలు, వియ్యంకుడు, సొసైటీ మొత్తం చూస్తున్నారు. పెద్దరికం అడ్డం పడింది. ఏముంది, కాసేపట్లో సర్దుకుంటుందిలే అనుకున్నాడేమో. నాకైతే లాగి ఒకటి ఇవ్వాలనిపించింది, అప్పటికి అది అబద్ధమని నాకు తెలియకపోయినా. పిల్ల ఏడుస్తుంటే అలా నిలబడే మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

రాఘవయ్య కింద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తలెత్తి అడిగాడు. “బావా, ఆఖరుకు కాయ ఎవల చేతుల ఉంటే దిష్టి వాళ్లకే గదా?”

సోమలింగం తల ఊపాడు. ఆ విషయంలో ఆయన మాటే చివరి మాట కదా.

“ఇయ్యి బిడ్డా” అన్నాడు రాఘవయ్య.

పిల్ల చేతులు విడవలేదు. ఆయనే ఒక్కొక్క వేలు విడదీసి కాయను తన చేతుల్లోకి తీసుకున్నాడు. లేచి నిలబడి, దాన్ని పిల్ల చుట్టూ తిప్పాడు. పెదవులు కదిలాయి. దగ్గరున్న నాకు వినిపించింది. “దీని పీడంత నాకు రాని, నాకు రాని.” తర్వాత కాయను గుండెకు ఆనించుకుని ప్లాటు దాటి, గల్లీ దాటి, నాలుగు దారులు కలిసే చోటు వైపు పోయాడు. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది కానీ ఆపలేదు.

మౌక్తిక ఏడుపు మానేసి ఆ పోయే మనిషినే చూస్తోంది. సోమలింగం మౌక్తికను చూస్తున్నాడు. ఆ చూపు ఆయనకు తెలుసు. ఒకప్పుడు తను రాత్రి పాళీకి పోతుంటే గుమ్మంలో నిలబడి చూసిన చూపు అది. ఇప్పుడది వియ్యంకుడి వీపు మీద ఉంది. అదీ తను అల్లిన అబద్ధం పుణ్యమా అని. అంత జరిగినా ఆయనకు ముందు కలిగింది సిగ్గు కాదు, కుళ్లే. ఆ ముఖం నేను దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

దూరంగా కాయ పగిలిన చప్పుడు వినిపించింది. రాఘవయ్య వెనక్కి చూడకుండా వచ్చాడు. ఎవరినీ తాకకుండా పక్కగా నడిచి, ప్లాటు మూలన ఉన్న కుళాయి దగ్గర కూర్చుని, చొక్కా లుంగీతోనే నెత్తి మీద నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు మౌక్తిక తల్లి చెయ్యి విడిపించుకుని సోమలింగం దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

“తాతా, నువ్వెందుకు పట్టుకోలే? నువ్వు నా పక్కకే ఉంటివి గదా.”

ఊరుకుంటే, దిష్టికి భయపడి మనవరాలిని వదిలేసిన తాత అవుతాడు. నిజం చెబితే, ఇంతమంది ముందు అబద్ధాలకోరు అవుతాడు. సోమలింగం ఎక్కువసేపు ఆలోచించలేదు. అబద్ధాలకోరుగా బతకగలడు. టిఫిన్ తాత కంటే తక్కువ ప్రేమ ఉన్న తాతగా బతకలేడు. వంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

“అది ఉత్తదే బిడ్డా. గా కాయకు దిష్టి లేదు, ఏం లేదు. నువ్వు ఆయనతోని ఆడుతున్నవని నేనే కల్పించి చెప్పిన. నిజంగ దిష్టి ఉండి ఉంటే నేనే ముందుగాల గుంజుకుంటుంటి. గాయన కన్న ముందు.”

ఇదీ అందరికీ వినిపించింది. శివకృష్ణ తల దించుకున్నాడు. పోశమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. కుళాయి దగ్గర రాఘవయ్య చేతిలోని చెంబు ఆగిపోయింది. నీళ్లు కారుతున్న ముఖంతో ఇటు చూశాడు.

మౌక్తిక కుళాయి వైపు చూసింది.

“ఉత్తదే అని టిఫిన్ తాతకు మాలూమా?”

“లేదు బిడ్డా. ఆయనకు ఎరుక లేదు.”

“అంటే దిష్టి నిజమనుకొనే తీసుకున్నడు” అంది పిల్ల.

సోమలింగం ఏదో చెప్పబోయాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు ఎవరికీ వినిపించలేదు. పిల్ల చెయ్యి చాచి ఆయన భుజం మీది తువ్వాలు అందుకోబోయింది. అందలేదు. అందేలా ఆయన కొంచెం వంగాడు. తువ్వాలు తీసుకుని ఆమె కుళాయి వైపు నడిచింది.